పేరు లేని క్యాసెట్

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం సంగీతాభిమానుల మధ్య చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మాటల కంటే ముందు పాట వినిపిస్తానని పట్టుబట్టాను. ఒప్పుకున్నందుకు సంతోషం. ఇప్పుడు మీరు విన్నది ఐదు నిమిషాల పాట. చాలాసేపు ఆ అబ్బాయి కింది స్థాయిలోనే, పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పుకుంటున్నట్టు పాడాడు. ఆఖరి చరణానికి వచ్చేసరికి ఒక్కసారిగా పై స్థాయికి వెళ్ళిపోయాడు. గొంతు చీరుకుపోయింది. విన్నారు కదా? ఆ తర్వాత, ఆఖరి మాటలకి ముందు, ఒక్క క్షణం ఆగాడు. వీడియోలో చూస్తే అక్కడ కళ్ళు తెరుస్తాడు. ఊపిరి తీసుకుంటాడు. ఆ ఊపిరి మైకులో వినబడుతుంది.

ఆ పాట పేరు ‘వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్’. పాడిన అబ్బాయి పేరు కర్ట్ కోబేన్. అతని అమెరికన్ రాక్ బ్యాండ్ పేరు నిర్వాణా. 1993 నవంబర్ 18, న్యూయార్క్‌లో ఎంటీవీ అనే సంగీత ఛానల్ వాళ్ళ అన్‌ప్లగ్డ్ కార్యక్రమం కోసం రికార్డ్ చేశారు. ఆ తర్వాత ఐదు నెలలు కూడా బతకలేదు. 1994 ఏప్రిల్‌లో పోయాడు, 27 ఏళ్ళు. ఆ ఏడాది నవంబర్‌లో ఈ పాటలు ఆల్బమ్‌గా వచ్చాయి.

నాకు ఈ పాట ఎలా చేరిందో చెప్పాలి. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర క్యాసెట్ ఉండేది. దాన్నుంచి ఇంకొకరు, వాళ్ళ దగ్గర్నుంచి మరొకరు, అలా నాలుగైదు చేతులు మారాక నాకొక కాపీ దొరికింది. ఖాళీ క్యాసెట్ మీద స్కెచ్ పెన్నుతో ‘నిర్వాణా’ అని రాసుంది, అంతే. ఏ పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఏమీ లేదు. పద్నాలుగు పాటలు. పద్నాలుగూ అతనివే అనుకున్నాను. ఎందుకు అనుకోను? ప్రతి పాటా అతని సొంత బాధలాగే ఉంది. ముఖ్యంగా ఈ ఆఖరి పాట. ఇది ఇంకొకరిది అని ఎవరైనా చెప్పినా అప్పుడు నమ్మేవాణ్ణి కాదు.

ఉద్యోగం వచ్చాక అసలు క్యాసెట్ కొన్నాను. లోపల మడత పెట్టిన కాగితం ఉంటుంది కదా, చిన్న అక్షరాలతో. అది చదివాను. పద్నాలుగింట్లో ఆరు అతనివి కావు. ఒకటి స్కాట్లాండ్ నుంచి వచ్చిన వాసలీన్స్ అనే బ్యాండ్‌ది. ఒకటి ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బౌవీది. మూడు మీట్ పపెట్స్ అనే బ్యాండ్‌వి. ఆఖరిది, మీరు ఇప్పుడు విన్నది, లెడ్ బెల్లీ అనే ఆయన పాడినది.

నాకు కోపం వచ్చింది. మోసపోయానేమో అనిపించింది. రెండేళ్ళుగా అతని గుండె చప్పుడు అనుకుని విన్నది ఇంకెవరిదో అయితే, మరి నేను విన్నదేమిటి? ఈ ప్రశ్నే నన్ను ఇన్నేళ్ళూ తిప్పింది.

ఇంగ్లీషు సంగీతంలో దీన్ని కవర్ అంటారు. ఒకరు రికార్డ్ చేసిన పాటని మరొకరు పాడితే కవర్. మనకి ఆ మాట అవసరమే పడలేదు. ఎవరైనా కచేరీలో త్యాగరాజు కీర్తన పాడితే ‘త్యాగరాజుని కవర్ చేశాడు’ అంటామా? అనం. ‘వీరి పాఠాంతరం వేరు’ అంటాం. త్యాగరాజు శిష్యపరంపరల్లో ఉమయాల్పురం వాళ్ళది ఒకలా ఉంటుంది, వాలాజాపేట వాళ్ళది ఒకలా ఉంటుంది. కీర్తన ఒకటే, వచ్చిన దారి వేరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు తిరిగిన ఈ ఊళ్ళో మీకు నేను చెప్పాలా?

పాఠాంతరం అనే మాటలో గురువు పేరు దాగి ఉంటుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావు అనే ప్రశ్నకి జవాబు అది. కవర్ అనే మాటలో అది లేదు. నాకు ఆ మాట మీద ఉన్న ఫిర్యాదు అదే.

ఇంకొక ఉదాహరణ చెబుతాను, ఇది మా తాతయ్యది. ఆయనకి పద్యనాటకాలంటే ప్రాణం. తిరుపతి వెంకటకవుల పద్యాలు ‘జెండాపై కపిరాజు’, ‘చెల్లియో చెల్లకో’, ఇవి రానివాళ్ళు ఆ రోజుల్లో మా వీధిలో లేరు. అందరికీ వచ్చిన పద్యమే, అయినా రాత్రంతా మేలుకుని వినేవాళ్ళు. ఎందుకు? ఈ కృష్ణుడు ఏ రాగం అందుకుంటాడో, ఎక్కడ ఆపుతాడో, హార్మోనియం మాస్టారు ఎక్కడిదాకా వెంట వెళ్తారో, అది వినడానికి. నచ్చితే వన్స్ మోర్. ఒకసారి ఒక నటుడు అంతకుముందు బాగా పేరున్న ఇంకొక నటుడిలాగే, రాగం తీసే తీరు కూడా పొల్లుపోకుండా పాడాడు. జనం మెచ్చుకున్నారు. తాతయ్య మాత్రం ఇంటికి వస్తూ దారిలో అన్నారు, ‘ఆయన పాడినట్టే పాడాడురా. మరి ఇతనెందుకు?’

ఆ మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత, మా కాలేజీ బ్యాండ్ రోజుల్లో గుర్తుకొచ్చింది. జిమి హెండ్రిక్స్ గిటార్ ముక్క ఒకదాన్ని నేనూ మా స్నేహితుడూ ఆరు నెలలు సాధన చేశాం. క్యాసెట్ తిప్పి తిప్పి టేపు సాగిపోయింది. ఫెస్ట్‌లో వాయించాం. ‘అచ్చం క్యాసెట్‌లాగే ఉంది’ అన్నారు. ఆ పొగడ్త చాలనుకున్నాం. ఆ పాట అసలు హెండ్రిక్స్‌దే కాదని అప్పటికి మాకు తెలియదు.

అది బాబ్ డిలన్ పాట. ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్. 1967 చివర్లో డిలన్ ఆల్బమ్‌లో వచ్చింది. ఆయన గిటార్, మౌత్ ఆర్గాన్, వెనకాల బేస్, డ్రమ్స్. రెండున్నర నిమిషాలు, చాలా పొదుపైన పాట. కొన్ని వారాలు గడవకుండానే, 1968 జనవరిలో, హెండ్రిక్స్ లండన్‌లో దాన్ని రికార్డ్ చేయడం మొదలుపెట్టాడు. డిలన్ పాటలో గాలి దూరాన ఎక్కడో వీస్తున్నట్టు ఉంటుంది. హెండ్రిక్స్ పాటలో ఆ గాలి ఇంట్లోకి వచ్చేసింది. తలుపులు కొట్టుకుంటున్నాయి. మాటలు దాదాపు అవే చూడండి, పాట మొత్తం మారిపోయింది.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. హెండ్రిక్స్ 1970లో చనిపోయాడు. డిలన్ మళ్ళీ వేదికలెక్కి ఆ పాట పాడినప్పుడు హెండ్రిక్స్ దారిలోనే పాడాడు. అతను పోయినప్పటినుంచీ తాను ఇలాగే పాడుతున్నానని, పాడినప్పుడల్లా అది అతనికి నివాళిలా అనిపిస్తుందని తర్వాత తానే చెప్పాడు. డిలన్ వేదికల మీద అన్నిటికంటే ఎక్కువసార్లు పాడిన పాట అది, 2 వేల సార్లకు పైనే. పాట కట్టినవాడు, దాన్ని తీసుకున్నవాడి దగ్గర తిరిగి నేర్చుకున్నాడు. గురువే శిష్యుడి పాఠాంతరం పాడటం ఇది.

సరే, మళ్ళీ ఆ న్యూయార్క్ రాత్రికి వద్దాం.

అప్పటికి నిర్వాణా అంటే ప్రపంచమంతా తెలుసు. ఒక్క పాటతో వాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు. ఆ పాట వినడానికే జనం వస్తారు. ఆ రాత్రి ఆ పాట పాడలేదు. దాని బదులు ఎవరికీ పెద్దగా తెలియని మీట్ పపెట్స్ పాటలు మూడు. ఊరికే పాడటం కూడా కాదు, ఆ బ్యాండ్‌లోని అన్నదమ్ములిద్దరినీ వేదిక మీదకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు వాయిస్తుంటే తాను పాడాడు. ఆలోచించండి. టీవీలో కొన్ని లక్షలమంది చూడబోయే రాత్రి. తనకి వచ్చిన వెలుగులో కొంత తీసి, తాను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వాళ్ళ మీద వేశాడు. వాసలీన్స్ పాటకి ముందు కూడా, ఇది పాత క్రైస్తవ గీతం అనుకుంటాను, మేం మాత్రం వాసలీన్స్ పాడినట్టు పాడతాం అని చెప్పాడు. వచ్చిన దారి చెప్పాడు. పాఠాంతరం చెప్పడమంటే అదే కదా?

వేదిక మీద లిల్లీ పూలు, నల్లని కొవ్వొత్తులు పెట్టించాడు. అంత్యక్రియల్లోలాగానా అని అడిగితే, సరిగ్గా అలాగే అన్నాడట. తర్వాత జరిగినదాన్నిబట్టి దీనికి చాలా అర్థాలు తీశారు. నేను ఆ దారిలోకి వెళ్ళను. ఆ రాత్రి వింటే నాకు చావు కంటే ఎక్కువగా ఒక మనిషి ఎంత జాగ్రత్తగా పాటలు ఎంచుకున్నాడో వినిపిస్తుంది.

బౌవీ పాట సంగతి. అది 1970 నాటిది. ‘ప్రపంచాన్ని అమ్మేసిన మనిషి’ అని పేరు. బౌవీ పాడినప్పుడు అందులో కొంచెం మాయ ఉంటుంది, వేషం ఉంటుంది. కోబేన్ పాడితే వేషం పోయింది, మనిషి మిగిలాడు. పాట అయ్యాక ఇది డేవిడ్ బౌవీ పాట అని చెప్పాడు కూడా. అయినా ఏమైంది? తర్వాతి రోజుల్లో బౌవీ తన కచేరీలో తన పాట తాను పాడుకుంటే, కుర్రాళ్ళు వచ్చి ‘నిర్వాణా పాట పాడారు, భలే ఉంది’ అనేవారట. బౌవీకి ఒళ్ళు మండిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ కుర్రాళ్ళని నేను తప్పుపట్టలేను. వాళ్ళ చేతిలో కూడా నా క్యాసెట్ లాంటిదే ఉండి ఉంటుంది.

ఇక లెడ్ బెల్లీ. ఈయన దగ్గర కాసేపు ఆగుదాం, ఈ ప్రసంగం అసలు ఈయన కోసమే.

అసలు పేరు హ్యూడీ లెడ్‌బెటర్. అమెరికాలో లూసియానాలో, 1880ల చివర్లో పుట్టిన నల్లజాతి మనిషి. పన్నెండు తీగల గిటార్ వాయించేవాడు. జీవితంలో చాలా ఏళ్ళు జైళ్ళలో గడిచాయి. టెక్సాస్‌లో హత్య కేసులో శిక్ష పడితే, అక్కడికి వచ్చిన గవర్నర్ ముందు తనని వదలమని పాట కట్టి పాడాడు. ఆ గవర్నర్ 1925లో, పదవి దిగిపోయే ముందు, నిజంగానే వదిలాడు. మళ్ళీ 1930లో లూసియానాలోని అంగోలా జైలు. అక్కడికి 1933లో జాన్ లొమాక్స్, ఆయన కొడుకు ఆలన్ జానపద పాటలు సేకరించడానికి రికార్డింగ్ యంత్రం మోసుకుంటూ వచ్చారు. జైళ్ళకే ఎందుకు? రేడియో, గ్రామఫోన్ చేరని చోట పాత పాటలు చెడకుండా ఉంటాయని. అలా ఆ గొంతు బయటికి వచ్చింది.

అయితే అందులో చేదు కూడా ఉంది. విడుదలయ్యాక వేదికల మీద ఆయన్ని ఖైదీలాగే చూపించారు. పాటల హక్కుల్లో లొమాక్స్‌లు తమ పేరు కూడా వేయించుకున్నారు. డబ్బు దగ్గర తేడాలొచ్చి 1935లోనే ఆయనా జాన్ లొమాక్సూ విడిపోయారు. ఆయన 1949 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో చనిపోయాడు. మరుసటి ఏడాదే ఆయన పాడుతూ వచ్చిన గుడ్‌నైట్ ఐరీన్‌ని వీవర్స్ అనే బృందం పాడితే, అమెరికాలో 13 వారాలు మొదటి స్థానంలో ఉంది. పదమూడు వారాలు! ఒక్క వారమైనా ఆయన చూడలేదు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కోబేన్‌కి ఈ పాట ఎలా వచ్చింది? మార్క్ లనెగన్ అని సియాటిల్ వైపు గాయకుడు, అతని స్నేహితుడు. ఇద్దరికీ లెడ్ బెల్లీ అంటే పిచ్చి. లనెగన్ 1990లో తన ఆల్బమ్‌లో ఈ పాట పాడాడు, అందులో గిటార్ కోబేన్‌దే. అంటే 1993 కంటే ముందే అతని వేళ్ళకి ఈ పాట తెలుసు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పాట లెడ్ బెల్లీదా?

కాదు. నేను ఇక్కడిదాకా తవ్వుకుంటూ వచ్చాక, ఇదిగో సొంతదారు దొరికాడు అనుకున్నాను. ఆయనా సొంతదారు కాదు. ఇది అమెరికా తూర్పున అపలాచియా కొండల్లో 1870ల నుంచీ తిరుగుతున్న పాట అంటారు. 1917లో సెసిల్ షార్ప్ అనే సేకర్త అచ్చు వేయించినప్పుడు నాలుగే పంక్తులు. 1970లో ఒక పరిశోధకురాలు తన సిద్ధాంత గ్రంథం కోసం వెతికితే 160 రూపాలు దొరికాయి. కొన్నింట్లో రైలు ఉంటుంది, కొన్నింట్లో తెగిపడిన తల ఉంటుంది, కొన్నింట్లో పైన్ చెట్లు మాత్రమే. రాత్రి ఎక్కడ పడుకున్నావని ఒక అమ్మాయిని అడగడం, ఎండ పడని పైన్ చెట్ల మధ్య చలికి వణుకుతూ గడిపానని ఆమె చెప్పడం. ఆ అమ్మాయి ఎవరు? మొదట అడిగింది ఎవరు? ఎవరికీ తెలియదు.

మన ఊడ్పుల పాటలు, దంపుళ్ళ పాటలు అలాగే వచ్చాయి కదా? మా నాయనమ్మ పాడే ఒక పాటలో పక్క ఊరివాళ్ళ పాటలో లేని చరణం ఒకటి ఉండేది. అది ఎవరు చేర్చారని అడిగితే ఆమె నవ్వేది. బహుశా ఆమే చేర్చింది.

అప్పుడు నా పాత కోపానికి జవాబు దొరికింది. రెండేళ్ళు నేను విన్నది అతని గుండె చప్పుడే. పాట అతనిది కాదు, ఆ ఊపిరి అతనిది. లెడ్ బెల్లీ పాడిన దాంట్లో ఆ అరుపు లేదు. ఆయన దాన్ని నెమ్మదిగా, ఎప్పుడో జరిగిపోయిన సంగతి చెబుతున్నట్టు పాడతాడు. కోబేన్ దగ్గర అది ఇప్పుడే, ఈ గదిలోనే జరుగుతుంది. ఆ పాట అయ్యాక ఇంకొకటి పాడమని అడిగితే, దీన్ని మించి పాడలేనని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, కానీ నాకు చాలా ఇష్టమైన పక్కదారి. లెడ్ బెల్లీ లొమాక్స్‌తో కలిసి 1934లో అర్కాన్సాస్ జైళ్ళకి వెళ్ళినప్పుడు అక్కడి ఖైదీలు పాడే రైలు పాట ఒకటి నేర్చుకున్నాడు. రాక్ ఐలాండ్ లైన్. చూశారా, ఆయనా ఇంకొకరి పాట పాడినవాడే. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో లానీ డోనెగన్ అనే గాయకుడు లెడ్ బెల్లీ దారిలో ఆ పాట పాడాడు. 1956లో అది పెద్ద హిట్. వాయిద్యాలు? ఒక గిటార్, బట్టలు ఉతికే రేకు, ఒక బేస్. ఇంతే కదా, బేస్ లేకపోతే టీ పెట్టెకి కర్ర, తాడు కట్టుకుందాం అని ఇంగ్లండ్‌లో వీధికొక బ్యాండ్ పుట్టింది. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ అనే కుర్రాడు కూడా స్నేహితులని పోగేశాడు. ఆ బ్యాండే తర్వాత బీటిల్స్ అయింది.

బీటిల్స్ మొదటి ఆల్బమ్ 1963. ఎన్ని పాటలు? పద్నాలుగు. అందులో కవర్లు ఎన్ని? ఆరు. నిర్వాణా ఆ రాత్రి పాడిన లెక్కే! ఇది కాకతాళీయమే, నేను దీనికి పెద్ద అర్థం కట్టడం లేదు. అయినా ఇంకొక పోలిక వినండి. ఆ ఆల్బమ్‌లో పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డ్ చేశారు. లెనన్‌కి జలుబు. ట్విస్ట్ అండ్ షౌట్‌ని కావాలనే ఆఖరికి ఉంచారు, ఎందుకంటే అది పాడితే గొంతు ఇంక పనికిరాదు. అది ఐస్లీ బ్రదర్స్ 1962లో పాడి హిట్ చేసిన పాట. రాత్రి పొద్దుపోయాక లెనన్ పాలతో గొంతు తడుపుకుని పాడాడు. మొదటి టేకే ఉంచారు. రెండోసారి ప్రయత్నిస్తే గొంతు లేదు. అక్కడా ఆఖరి పాట, అక్కడా పరాయి పాట, అక్కడా చీరుకుపోయిన గొంతు. రెండింటి మధ్య ముప్ఫై ఏళ్ళు, రెండు దారులూ వెనక్కి వెళ్తే లెడ్ బెల్లీ గుమ్మం ముందుకే వస్తాయి.

ఇక పేరు చెప్పని సందర్భం ఒకటి చెప్పి ఊరుకుంటాను. లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ 1969లో రెండో ఆల్బమ్‌ని హోల్ లాటా లవ్ అనే పాటతో మొదలుపెట్టింది. ఆ గిటార్ వింటే ఇప్పటికీ నా కాలు ఆగదు. కానీ అందులోని మాటలు చాలావరకు 1962లో మడ్డీ వాటర్స్ పాడిన పాటవి. రాసింది విల్లీ డిక్సన్. అపలాచియా పాటలాగా ఇది ఎవరిదో తెలియని పాట కాదు. రాసినాయన షికాగోలో బతికే ఉన్నాడు. రికార్డ్ మీద ఆయన పేరు లేదు. 1985లో ఆయన కేసు వేశాడు, 1987లో కోర్టు బయట తేల్చుకున్నారు, తర్వాత పేరు చేర్చారు. పద్దెనిమిదేళ్ళు పట్టింది. జెప్పెలిన్‌ని నేను ప్రేమిస్తాను, అందుకే ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆ గిటార్, ఆ డ్రమ్స్ వాళ్ళవే, ఎవరూ కాదనలేరు. పక్కన ఒక పేరు రాస్తే ఏం తగ్గేది?

ఆఖరుగా గిటార్ల సంగతి. ఈ ఆఖరి పాటకి ముందు కోబేన్ వేదిక మీద ఒక మాట చెప్పాడు. లెడ్ బెల్లీ తనకి అందరికంటే ఇష్టమైన గాయకుడని, ఆయన గిటార్‌ని 5 లక్షల డాలర్లకి అమ్మజూపారని, తనకి కొనిపెట్టమని తన రికార్డ్ కంపెనీ పెద్దని అడిగానని, ఆయన కొనలేదని. జనం నవ్వారు. ఆ మాట చెప్పినప్పుడు అతని చేతిలో ఒక మార్టిన్ గిటార్ ఉంది. ఆ గిటార్ 2020 జూన్‌లో వేలంలో 60 లక్షల డాలర్లకి పైగా పలికింది. నాకు ఆ అంకె కంటే ఆ రాత్రి అతని కోరికే ఎక్కువ గుర్తుంటుంది. తనకి నేర్పినవాడి వాయిద్యాన్ని ఒకసారి ఒళ్ళో పెట్టుకోవాలనుకున్నాడు.

నా దగ్గర ఆ పాత క్యాసెట్ ఇంకా ఉంది. మొన్న దాని అట్ట మీద ఆరు పాటల పక్కనా పేర్లు రాశాను. ఆఖరి పాట పక్కన లెడ్ బెల్లీ అని రాసి, దాని కింద కొంచెం ఖాళీ వదిలాను.

ఇప్పుడు అదే పాట లెడ్ బెల్లీ గొంతుతో వినిపిస్తాను. 1940లనాటి రికార్డ్, కొంచెం గరగర ఉంటుంది. వెనక వరసలో వినబడకపోతే చెయ్యి ఎత్తండి, సౌండ్ పెంచుతాను. ఆ ఫ్యాన్ ఒక్కసారి ఆపుతారా, దయచేసి.